‘ఫోనమ్మ’ అంటోంది నా కూతురు

కువైట్ నుంచి ఒకావిడ రాశారు. పేరు వద్దన్నారు, ఊరి సంగతి రాజోలు వైపు అంటే చాలన్నారు. రాత్రి పని ముగిశాక మూడు రోజుల పాటు రాసి, కాగితాలను ఫొటోలు తీసి పంపారు. నాలుగు పేజీల ఉత్తరం. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఆవిడ వయసు ముప్ఫై నాలుగు. భర్త కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టు మీంచి పడి నడుము దెబ్బతిన్నాక మళ్లీ చెట్టెక్కలేదు, ఊళ్లో బడ్డీ కొట్టు పెట్టుకున్నారు. ఆపరేషన్‌కు ఒక అప్పు, ఆవిడ ప్రయాణానికి ఇంకో అప్పు. పాపకు ఇరవై నెలలప్పుడు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. పాపకు ఇప్పుడు నాలుగున్నరేళ్లు. ఈ మధ్యలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. ఇప్పుడు నడుస్తున్నది రెండో కాంట్రాక్టు, అయిపోవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. వచ్చే మే నెలలో సెలవు ఇస్తానని మేడమ్ మాటిచ్చింది.

పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, కాసేపు పాపతో ఉండి వెళ్తారు. ఆవిడ వారానికి నాలుగైదు సార్లు వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తారు. అదీ అక్కడ తెల్లవారుజామున అయిదింటికి, ఇంట్లో వాళ్లు లేవక ముందు. ఇక్కడ ఏడున్నర. అమ్మమ్మ పాపకు జడ వేసి అంగన్‌వాడీకి పంపే హడావిడిలో ఉంటుంది. పది పన్నెండు నిమిషాల కాల్. పోయిన నెలలో ఒక రోజు ఫోన్ మోగగానే పాప గొంతు వినబడిందట: “ఫోనమ్మ వచ్చింది, నేను రాను.” వెళ్లి మంచం కింద దూరింది. అమ్మమ్మనేమో ‘అమ్మా’ అని పిలుస్తోంది.

తోటికోడలు ఫోన్లో “పిల్ల నిన్ను పూర్తిగా మర్చిపోయింది” అన్నది. కన్నతల్లి ఇంకోటి అన్నది: “నువ్వు ఫోన్ చేసిన రోజు అది అన్నం ముట్టదు. దాన్ని ఏడిపించకే తల్లీ, వచ్చేదాకా ఆ వీడియోలు మానెయ్.” ఆవిడ అడిగినవి మూడు. మే నెల దాకా కాల్స్ మానెయ్యనా? లేక రోజూ చేసి అలవాటు చెయ్యనా? ఇవన్నీ కాదు, ఇప్పుడే అన్నీ వదిలేసి వచ్చెయ్యనా?

* * *

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూశాను. తోటికోడలు ‘మర్చిపోయింది’ అంటోంది. అమ్మ ‘ఫోన్ చేసిన రోజు అన్నం తినదు’ అంటోంది. ఈ రెండూ ఒకే పిల్ల విషయంలో నిజం కాలేవు. మర్చిపోయిన మనిషి కోసం ఎవరూ అన్నం మానరు. పొద్దున్న ఒక ఆవిడ పది నిమిషాలు కనిపించి మాయమైతే మధ్యాహ్నం దాకా ముద్ద దిగడం లేదంటే, ఆ ఆవిడ పాపకు ఏదో అవుతుందన్నమాట. తోటికోడలి మాటను ఇక్కడితో వదిలేద్దాం. మీ అమ్మగారి మాటను మాత్రం వదలకూడదు. రోజూ ఆ కంచం ముందు కూర్చునేది ఆవిడే.

‘ఫోనమ్మ’ సంగతి. ఆ పేరు విన్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదని రాశారు. నాకు మాత్రం ఆ పేరు బాగా నచ్చింది, ఏమీ అనుకోకండి. మన పిలుపులు చూడండి: అమ్మమ్మ, నానమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ. అన్నిటిలోనూ అమ్మ ఉంది, ఆ అమ్మ ఎవరో గుర్తుపట్టడానికి ముందు ఇంకో మాట ఉంది. మేడ మీద ఉండే ముసలావిడను మేడ మామ్మ అంటారు పిల్లలు. మీ పాప కూడా అదే చేసింది. అమ్మే, ఎక్కడుంటుందంటే ఫోన్లో. నాలుగున్నరేళ్ల పిల్ల ఎవరూ నేర్పకుండా కట్టుకున్న మాట అది. అమ్మమ్మను అమ్మా అనడం కూడా ఇప్పుడు పుట్టిన వింతేం కాదు. ఉమ్మడి కుటుంబాల్లో, చుట్టూ ఉన్నవాళ్లు పిలిచే పిలుపు విని, కన్నతల్లినే ‘వదినా’ అనీ ‘అక్కా’ అనీ పిలిచిన పిల్లలు ఎంతమందో! యాభై దాటాక కూడా అలాగే పిలుస్తున్నవాళ్లను నేనెరుగుదును. వాళ్లెవరికీ తల్లి ఎవరో తెలియక కాదు.

కాబట్టి “అమ్మమ్మ అనాలి, అమ్మ అనకూడదు” అని ఇంట్లో ఎవరి చేతా దిద్దించకండి. ఆ పిల్లకు రోజూ అన్నం పెట్టే చేతికి ఆ పిలుపు ఇవ్వనివ్వండి. మీకు ఇబ్బందిగా ఉన్నా సరే.

అసలు చిక్కు మీ పన్నెండు నిమిషాల్లో ఉంది. మీరే రాసిన ఒక రోజు కాల్‌ను నేను విడదీసి చూశాను. మొదట మీ అమ్మగారితో డబ్బు మాటలు: వచ్చిందా, ఎవరికెంత ఇచ్చారు, చీటీ కట్టారా. తర్వాత ఆయన నడుము నొప్పి, మందులు. ఆఖర్న ఎవరో ఫోన్ తీసుకెళ్లి పాప మొహం ముందు పెడతారు. “ఎవరు చెప్పు? అమ్మ అను. ముద్దు పెట్టు. నిన్న నేర్చుకున్న పాట పాడు. సిగ్గా? నిన్నటిదాకా బాగానే పాడావుగా!” పాప తల దించుకుంటుంది. మీ కళ్లలో నీళ్లు. వాటిని చూసి అమ్మమ్మ కళ్లలో నీళ్లు. కాల్ కట్.

మంచం ఖాళీగా ఉంటే నేనూ దాని కిందే దూరేదాన్ని. తప్పు పట్టడానికి అనడం లేదు. పాప వైపు నుంచి చూస్తే అది రోజూ పొద్దున్నే, సగం వేసిన జడతో, ఇంటిల్లిపాది ముందు రాసే పరీక్ష. అందులో ఎప్పుడూ ఫెయిలే. పైగా తనను చూడగానే ఎదుటివాళ్లు ఏడుస్తారు. పెద్దవాళ్ల ఏడుపుకు కారణం నాలుగేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? నన్ను చూస్తే ఫోనమ్మకు ఏడుపొస్తుంది అనుకుంటుంది, అంతే. ఆ వయసు పిల్లలు ఫోన్లో కబుర్లు చెప్పలేరు కూడా. పక్క వీధిలో ఉన్న మేనమామతోనూ చెప్పరు. వాళ్లకు ఎదురుగా కూర్చుని మాట్లాడటం కంటే పక్కన కూర్చుని ఏదో ఒకటి చెయ్యడం వచ్చు.

అలాంటప్పుడు కాల్స్ మానేస్తే? పాపకు పొద్దున్న పూట ప్రశాంతంగా ఉంటుంది, మీ అమ్మగారికీ ఊపిరి ఆడుతుంది. ఆ లాభం నిజమే. కానీ పిల్లలకు ‘మే నెల దాకా’ అనే లెక్క ఉండదు. వస్తూ వస్తూ ఉన్న మనిషి ఒక రోజు నుంచి రాదు, అంతే తెలుస్తుంది. రాకపోవడానికి కారణం పాపే వెతుక్కుంటుంది, బహుశా నేను మంచం కింద దూరినందుకే అని. మేలో మీరు గుమ్మంలో నిలబడేసరికి, ఇప్పుడున్న ఫోనమ్మ కూడా ఉండదు. మీ అమ్మగారు బాగా పట్టుబడితే ఒక పది రోజులు ఆపండి, మొండిగా వాదించకండి. ఆ పది రోజులూ పొద్దున్నే ఒక చిన్న వాయిస్ మెసేజ్ పంపండి. పాప వింటే వింటుంది, లేకపోతే లేదు.

రోజూ చెయ్యడం గురించి నాకు వేరే భయం. మీది మీ చేతిలో ఉన్న టైమ్ కాదు. ఇంటికి చుట్టాలొస్తారు, మేడమ్ పిలుస్తుంది, వైఫై పోతుంది. రోజూ వస్తానని చెప్పి వారంలో రెండు సార్లు రాకపోతే పాప ఆ రెండింటినే గుర్తు పెట్టుకుంటుంది. వారానికి మూడు రోజులు, అదే వారాలు, అదే వేళ. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ మూడు రోజుల మీద పాప చేతే కుంకుమ బొట్టు పెట్టించమనండి. ఈ రోజు బొట్టు ఉందా లేదా అని పొద్దున్నే అదే చూసుకుంటుంది.

ఏ వేళ అన్నదానికి జవాబు మీ మూడో పేజీలో దొరికింది, మీరే రాసి మీరే చూసుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో వాళ్లు మూడు నుంచి నాలుగున్నర దాకా పడుకుంటారనీ, అప్పుడు మీరు ఒక్కరే బట్టల గదిలో ఇస్త్రీ చేసుకుంటారనీ రాశారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అమెరికాలో ఉన్నవాళ్లకు మార్చిలో, నవంబరులో గడియారం మారి మనవాళ్ల లెక్కలు తారుమారవుతాయి కానీ, మీకా బాధ లేదు, ఏడాది పొడుగునా అదే తేడా. మీ నాలుగు గంటలంటే ఇక్కడ ఆరున్నర. పాప అంగన్‌వాడీ నుంచి వచ్చి, ఆడుకుని, స్నానం చేసి ఉంటుంది. ఆయన కూడా కొట్టు కట్టేసి వచ్చే వేళ.

అప్పుడు ఇస్త్రీ మానొద్దు. చేస్తూనే కాల్ చెయ్యండి. ఫోన్‌ను దేనికైనా ఆనించి, మీరూ ఇస్త్రీ బల్లా కనిపించేలా పెట్టండి. ఇక్కడ కూడా ఎవరూ చేత్తో పట్టుకుని పాప మొహం మీదకు తేకూడదు. నేల మీద బియ్యం డబ్బాకో బిందెకో ఆనించి, పాప కూర్చుంటే కళ్లకు సరిపోయే ఎత్తులో పెట్టి, పెద్దవాళ్లు కాస్త పక్కకు తప్పుకోవాలి. పాప తన బొమ్మలతో ఆడుకుంటుంది, మీరు చొక్కాలు మడతపెడుతుంటారు. ఎవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. అయిదు నిమిషాలు మౌనంగా గడిచిపోయినా కాల్ పాడైపోయినట్టు కాదు. ఇంట్లో ఉండి ఉంటే మాత్రం మీరిద్దరూ రోజంతా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవారా? మీరు వంట చేస్తుంటే అది కాళ్లకు అడ్డం పడుతూ తిరిగేది. ఆ తిరగడమే ఫోన్లోకి తేవాలి.

“అది ఏం రంగు చొక్కా?” అని అదే అడుగుతుంది ఒక రోజు. మీరు అడగకండి. నెట్ ఒక క్షణం వెనకబడుతుంది, పిల్లలు జవాబు చెప్పడానికి ఇంకో రెండు క్షణాలు తీసుకుంటారు. ఈ సందులో పెద్దవాళ్లు రెండో ప్రశ్న వేసేస్తారు, పిల్ల నోరు మూసుకుంటుంది. మీరు ఒక మాట అని మనసులో అయిదు లెక్కపెట్టండి. దాగుడుమూతలు ఫోన్లో బ్రహ్మాండంగా కుదురుతాయి. ఫొటోలో మీరు వేసుకున్న ఆకుపచ్చ చున్నీ ఉందే, దాన్ని మొహానికి అడ్డం పెట్టుకోండి, తియ్యండి. మీరు ఒక పక్కకు జరిగి ఫోన్లోంచి మాయమవ్వండి, మళ్లీ రండి. పోయిన అమ్మ తిరిగొస్తుందన్న సంగతి ఇంతకంటే బాగా చెప్పే మార్గం నాకు తెలియదు. ఇక్కడ చీకటి పడే వేళకు మీ కిటికీలో ఇంకా ఎండ ఉంటుంది, అదీ చూపించండి. (అమ్మా బిడ్డా ఒకే చందమామను చూసుకోవడం కథల్లో బాగుంటుంది. మీ వేళల్లో అది కుదరదు. ఎండ చాలు.)

ఫోన్ చూస్తే కళ్లు పోతాయని అమ్మమ్మ భయపడుతున్నట్టు రాశారు. గంటల తరబడి కార్టూన్లు పెట్టేస్తే ఆ భయానికి అర్థముంది. వీడియో కాల్‌ను మాత్రం పిల్లల డాక్టర్లు వేరుగా చూస్తారు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో, ఏడాదిన్నర లోపు పసిపిల్లలకు స్క్రీన్లు వద్దంటూనే, వీడియో కాల్‌ను ఆ వద్దన్న జాబితాలోంచి మినహాయించింది. తెర అవతల ఉన్న మనిషి పిల్ల చేసేదాన్ని చూసి నవ్వుతుంది, బదులిస్తుంది. కార్టూన్ బదులివ్వదు. అమ్మమ్మకు ఈ ముక్క చెప్పి చూడండి. నమ్మకపోతే పోనీ, పావుగంటకే కదా.

ఒక జాగ్రత్త. మీరున్నది వేరేవాళ్ల ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్లు, పిల్లలు పొరపాటున కూడా మీ కెమెరాలో పడకూడదు. అక్కడ అనుమతి లేకుండా మనుషులను వీడియో తీస్తే కేసు దాకా వెళ్లొచ్చు. తలుపు వైపు కెమెరా పెట్టకండి, గోడ వైపు పెట్టండి. మేడమ్‌కు దాచి చేసే కన్నా ముందే చెప్పడం మేలని నా ఉద్దేశం: “ఇస్త్రీ ఆపను, నా పాపను చూసుకుంటాను, వారానికి మూడు రోజులు.” ఆవిడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. చెప్పకుండా చేసి దొరికితే ఫోన్ తీసేసుకుంటుందేమో అన్న అంచనా మీకే ఉండాలి, ఆవిడ మనస్తత్వం నాకు తెలియదు. ఇళ్లలో పనిచేసేవారి కోసం కువైట్ 2015లో చేసిన చట్టంలో వారానికో సెలవు రోజు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఉన్నాయి. పనిచేసే మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. మీ పని గంటలు చూస్తే ఆ చట్టం మీ గుమ్మం దాకా వచ్చినట్టు లేదు. దాని మీద గొడవ పడమని చెప్పడం లేదు. కానీ మే నెల సెలవు మేడమ్ చేసే దయ అనుకోకండి, అది మీకు రావలసినది. ఇప్పటి నుంచే, నెలకోసారి మెల్లగా గుర్తు చెయ్యండి. టికెట్ చేతికొచ్చే దాకా పాపకు మాత్రం ‘వస్తున్నా’ అని చెప్పొద్దు.

రంజాన్ నెలలో ఈ సాయంత్రం వేళ పనికిరాదు, ఇఫ్తార్ వంటల ముందు మీకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆ నెలకు వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోండి. ఒకప్పుడు గల్ఫ్ వెళ్లినవాళ్లు తమ మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరొచ్చేవాళ్ల చేత పంపేవారు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరి వినేవారు. వాళ్లకు లేనిది ఇప్పుడు మీకుంది. రాత్రి పదకొండున్నరకు మీరు చెప్పిన రెండు నిమిషాల కథ, మర్నాడు రాత్రి పాప పడుకునేటప్పుడు వినొచ్చు. అదే కథ నెల రోజులు అడిగినా అడుగుతుంది, విసుక్కోకుండా అదే పెట్టమనండి.

డబ్బు మాటలు పాప కాల్‌లో వద్దు. అసలు వద్దు. అవి మీ అమ్మగారితో వాయిస్ మెసేజ్‌ల్లోనో, ఆయనతో వేరే రోజునో చూసుకోండి. ఆయన గురించి మీరు చాలా తక్కువ రాశారు. నాకు మాత్రం ఈ వ్యవహారంలో అందరికంటే పనికొచ్చే మనిషి ఆయనే అనిపిస్తోంది. ఇప్పటిదాకా కాల్ భారమంతా అమ్మమ్మ మీదే ఉంది: ఫోన్ పట్టుకోవాలి, పిల్లను పిలవాలి, ఆ తర్వాత ఏడుపు మాన్పించాలి, అన్నం తినిపించాలి. అందుకే ఆవిడ మానెయ్ అంటోంది. ఆ మూడు సాయంత్రాలు కాల్ పని ఆయనకు అప్పజెప్పండి. ఫోన్ బిందెకు ఆనించి, పాపను పిలవకుండా, తనే మీతో రెండు మాటలు నవ్వుతూ మాట్లాడమనండి. పిల్లలు ఎవరైనా తమను వదిలేసి నవ్వుకుంటుంటే ఆగలేరు, వచ్చి తొంగిచూస్తారు. కాల్ అయ్యాక పాప దిగాలు పడితే ఆయనే ఎత్తుకుని వీధి చివరిదాకా తిప్పుకొస్తారు. నడుము సహకరించకపోతే నడిపించుకుని వెళ్తారు. మీ అమ్మగారికి ఆ గంట విశ్రాంతి. వారం తిరిగేసరికి ఆవిడ మాట మెత్తబడకపోతే నాకు మళ్లీ రాయండి.

ఏడవద్దని నేను అనను. పాప ముందు ఒక్కోసారి ఆగదు కూడా. వచ్చినప్పుడు మొహం దాచుకుని కాల్ కట్ చెయ్యకండి. “నువ్వు గుర్తొచ్చి అమ్మకు ఏడుపొచ్చింది, నీ తప్పేం లేదు, ఇదిగో తుడిచేసుకున్నా” అనేసి మళ్లీ చొక్కా అందుకోండి. మిగతాది రాత్రి ఆయనతో ఏడవండి, అందుకే కదా మొగుడు.

ఇక వచ్చెయ్యడం. నెలకు ఇరవై అయిదు వేలు పంపుతున్నారు, పది వేలు ఇంటి ఖర్చు, పదిహేను అప్పుకు. మిగిలిన అప్పు లక్షా ఎనభై వేలు. మీ అంకెలే తీసుకుంటే పన్నెండు నెలలు. కాంట్రాక్టు పద్నాలుగు నెలలు. ఇప్పుడే వస్తే పాప మీ ఒళ్లో ఉంటుంది, అప్పు కూడా అదే ఇంట్లో ఉంటుంది, బడ్డీ కొట్టు దాన్ని మోయలేదు. ఏడాదిలో మళ్లీ ఇంకో ఏజెంటు దగ్గరికి వెళ్లాల్సి వస్తుందేమో, అప్పుడు పాపను రెండోసారి వదలాలి. దానికి నేను భయపడతాను. కానీ పద్నాలుగు నెలలయ్యాక మూడో కాంట్రాక్టు అన్నప్పుడు నా లెక్క మారుతుంది. అప్పు తీరాక ఇల్లు, ఇల్లయ్యాక నగ, నగయ్యాక పొలం అంటూ పదేళ్లు అక్కడే ఉండిపోయినవాళ్ల ఉత్తరాలు కూడా నాకొస్తాయి. ఆ నిర్ణయం మీరూ ఆయనా మే సెలవులో ఎదురెదురుగా కూర్చుని తీసుకోవలసినది. అప్పటిదాకా ఎవరికీ మాటివ్వకండి, చీటీలు కూడా కొత్తవి ఎత్తొద్దు.

మేలో మీరు దిగిన రోజు ఏం జరుగుతుందో ఇప్పుడే చెబుతాను, అప్పుడు గుండె పగలకుండా ఉంటుంది. పాప వెళ్లి అమ్మమ్మ చీర వెనక దాక్కుంటుంది. చుట్టాలందరూ “వెళ్లు, మీ అమ్మే” అని తోస్తారు. తోయనివ్వకండి. మీరు చాప మీద కూర్చుని సామాన్లు విప్పుకుంటూ ఉండండి, చొక్కాలు మడతపెడుతూ ఉండండి, ఫోన్లో ఎలా చేసేవారో అలాగే. రెండు మూడు రోజులు రాత్రి అమ్మమ్మ పక్కనే పడుకోనివ్వండి. మధ్యలో ఒకసారి ఫోన్ తీసుకుని, మీరు ఇంకా అందులో ఉన్నారేమో అని చూసినా చూస్తుంది, నవ్వకండి.

ఆ ఆకుపచ్చ చున్నీ పెట్టె అడుగున సర్దేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి.